డోకియా తొమ్మిది తోళ్లు విప్పేలోగా: రొమేనియాలో ఫిబ్రవరి 23 నుంచి మార్చి 9 దాకా

రొమేనియా జానపదుల లెక్కలో చలికాలం వెళ్లిపోవడం అత్తాకోడళ్ల గొడవతో మొదలవుతుంది. డోకియా ముసలిది గయ్యాళి అత్త. కొడుకు డ్రాగొబేతె తనకు నచ్చని పిల్లను చేసుకున్నాడన్న కసితో, కోడలి చేతికి నల్ల ఉన్ని ఇచ్చి తెల్లబడేదాకా వాగులో ఉతకమంటుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి గానీ ఉన్ని రంగు మారదు. అటుగా వచ్చిన మర్త్సిషోర్ అనే యువకుడు ఒక ఎర్ర పువ్వు ఇస్తాడు. నీళ్లలో దాన్ని వేయగానే ఉన్ని తెల్లబడుతుంది. (కొన్ని ఊళ్లలో ఆ వచ్చినవాడు ఏసు క్రీస్తే అంటారు.) కోడలు చేతిలో పువ్వు చూసి అత్త వసంతం వచ్చేసిందనుకుంటుంది. తొమ్మిది గొర్రెతోలు కోట్లు తొడుక్కుని మందను కొండకు తోలుకుపోతుంది. వానకు తడిసి బరువెక్కిన కోట్లను రోజుకొకటి విప్పేస్తుంది. చివరిది విప్పాక మంచు కొట్టి, మందతో సహా రాయైపోతుంది.

ఫిబ్రవరి 24న వచ్చే డ్రాగొబేతె, మార్చి 1న ఎరుపు తెలుపు దారాల మర్త్సిషోర్, ఆ రోజు నుంచి 9 దాకా సాగే ముసలమ్మల రోజులు, 9నే వచ్చే నలభైమంది అమరుల పండగ అన్నీ ఈ ఇంటి చుట్టూ అల్లుకున్నవే. పర్యాటక కరపత్రాలు డ్రాగొబేతెను 'రొమేనియా వాలెంటైన్స్ డే' అని తేల్చేస్తాయి. అంతే అనుకుంటే ఒక సాయంత్రం చాలు. వరస తెలియాలంటే పదిహేను రోజులు పెట్టుకోవాలి. కింది వారాలు 2026వి. తేదీలు ఏటా అవే గానీ ఉపవాసకాలం మారుతుంది, దానివల్ల తిండీ కొన్ని ఆచారాలూ మారతాయి.

ఫిబ్రవరి 23, సోమవారం. బుకారెస్ట్

2025 జనవరి 1 నుంచి రొమేనియా పూర్తిగా యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం షెంగెన్‌లో ఉంది. భారతీయులకు షెంగెన్ వీసా సరిపోతుంది, పాత పద్ధతిలో విడిగా రొమేనియా వీసా అక్కర్లేదు. డబ్బు మాత్రం యూరో కాదు, లేయి. పెద్ద దుకాణాల్లో కార్డు నడుస్తుంది. రోడ్డు పక్క మర్త్సిషోర్ బల్లల దగ్గరికీ పూలమ్మే అవ్వల దగ్గరికీ చిల్లర నోట్లు పట్టుకెళ్లాలి.

ఈ రోజు ఆర్థడాక్స్ క్రైస్తవుల పెద్ద ఉపవాసకాలం మొదలు. ఏప్రిల్ 12న ఈస్టర్ దాకా సాగుతుంది. శాకాహారులకు ఇంతకన్నా మంచి కాలం దొరకదు. హోటల్‌లో "దె పోస్త్" అని అడిగితే మాంసం, పాలు, గుడ్లు లేని వంట పెడతారు. చిక్కుడు గింజలు మెత్తగా నూరి పైన వేయించిన ఉల్లిపాయ వేసే ఫసోలె బటూతా, వంకాయా మిరపా మగ్గబెట్టిన జాకుస్కా, మొక్కజొన్న పిండితో చేసే మమలీగా, బియ్యమూ పుట్టగొడుగులూ కూరిన క్యాబేజీ చుట్టలు దాదాపు అంతటా ఉంటాయి. అయితే ఉపవాసకాలంలో కొన్ని రోజులు చేపకు అనుమతి ఉంది, జాకుస్కాలో కూడా చేప వేసిన రకం ఒకటుంది. కాబట్టి చేప వద్దని విడిగా చెప్పాలి. 2027లో ఈస్టర్ మే 2న, ఉపవాసం మార్చి 15న మొదలవుతుంది. ఆ ఏడు ఈ పదిహేను రోజుల్లో 'దె పోస్త్' బోర్డులు అంతగా కనబడవు.

బట్టల విషయంలో డోకియానే ఆదర్శం: ఒక్క లావు కోటు కన్నా విప్పుకోగలిగిన మూడు పొరలు మేలు. పగలు ఎండ కాసి పది డిగ్రీలు దాటిన రోజునే రాత్రి సున్నా కిందికి పోవచ్చు. బురదకు తట్టుకునే, నీళ్లు దూరని బూట్లు తప్పనిసరి. మంచు కరిగిన బంకమట్టి మామూలు షూలను అరగంటలో పనికిరాకుండా చేస్తుంది.

ఫిబ్రవరి 24, మంగళవారం. గోర్జ్ జిల్లా, ఒల్తేనియా

డ్రాగొబేతె దేశమంతా ఒకే తీరుగా ఉన్న పండగ కాదు. దక్షిణాన ఒల్తేనియా, ముంతేనియా ప్రాంతాల్లో బలంగా ఉండేది. చాలాచోట్ల దాదాపు మరుగునపడి, 1990ల తర్వాత వాలెంటైన్స్ డేకు పోటీగా నగరాలే దాన్ని మళ్లీ లేపి నిలబెట్టాయి. అందుకే బుకారెస్ట్ మాల్‌లో ఎర్ర బెలూన్ల కింద కనబడే డ్రాగొబేతె కోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు. ముందు రోజే రైల్లో క్రయోవా మీదుగా తిర్గు జియు చేరి, పొద్దున్నే పల్లెల వైపు వెళ్లడం మంచిది. హోబిత్సా, తిస్మానా వైపు అడవి అంచు ఊళ్లు అందుకు అనువైనవి. బస్సులు తక్కువ. పగటికి కారు మాట్లాడుకోవాలి.

పాత ఆచారం ఇలా సాగేది. పొద్దున్నే పండగ బట్టలు కట్టుకుని పెళ్లికాని ఆడామగా గుంపులుగా అడవికి వెళ్లేవాళ్లు. మంచుబిందు పూలు, క్రోకస్, వయొలెట్లు ఏరేవాళ్లు. కొండ మీద నెగళ్లు వేసుకుని చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. మధ్యాహ్నం కాగానే అమ్మాయిలు ఊరివైపు కొండ దిగుతూ పరుగందుకునేవాళ్లు. ఒక్కో అబ్బాయి తనకు నచ్చిన పిల్ల వెంట పరిగెత్తాలి. పట్టుకుంటే అందరి ముందూ ముద్దు పెట్టుకోవచ్చు, ఆ ముద్దుతో ఏడాదిపాటు ఆటగా నిశ్చితార్థం అయినట్టే. ఇందులో కీలకం ఎవరి కాళ్లలో బలముందన్నది కాదు. పిల్లకు ఇష్టమైతే తానే నెమ్మదిస్తుంది, ఇష్టం లేకపోతే దొరకదు. ఊరి పెద్దలు ఆ పరుగు చూసి వచ్చే శరదృతువులో ఏ ఇళ్ల మధ్య పెళ్లి మాటలు నడవబోతున్నాయో లెక్కగట్టేవాళ్లు.

ఆ రోజు పక్షులు జోడీ కట్టి గూళ్లు మొదలుపెడతాయని నమ్మకం. అందుకే పక్షినీ పశువునూ కోయరు. ఆడవాళ్లు కుట్టుపని, నేతపని మానేస్తారు. మగవాళ్లు ఆడవాళ్లతో పోట్లాడకూడదు, పోట్లాడితే ఏడాదంతా కలిసిరాదంటారు. పొరుగూరి మగవాణ్ణి ఆ రోజు తాకిన స్త్రీకి సంవత్సరమంతా ప్రేమకు లోటుండదన్నది ఇంకో మాట. ఈ నియమంతో ఎన్ని చేతులు అనుకోకుండా తగిలి ఉంటాయో ఊహించుకోవచ్చు. డ్రాగొబేతె ఒక్క జంటల పండగే అనుకోకూడదు. స్నేహితులు ముంజేతిపై చిన్న గాటు పెట్టుకుని రక్తం కలుపుకుని జీవితాంతం అన్నదమ్ములుగా, అక్కచెల్లెళ్లుగా ఉంటామని ఒట్టేసుకునే రోజు కూడా ఇదే.

ఆఖరి మంచును అమ్మాయిలు కుండల్లోకి ఎత్తేవాళ్లు. దాన్ని 'దేవకన్యల మంచు' అంటారు. కరిగిన నీటిని దాచుకుని ఏడాదంతా ముఖానికీ జుట్టుకూ వాడేవాళ్లు. మంచు లేని ఏడు వాన నీళ్లో ఊట నీళ్లో పట్టేవాళ్లు. ఈ మధ్య ఫిబ్రవరి చివరికి దక్షిణాన మంచు మిగలని ఏళ్లు ఎక్కువ, కాబట్టి అది చూడాలన్న ఆశతో వెళ్లొద్దు.

పూల విషయంలో ఒక హెచ్చరిక. మంచుబిందు పువ్వును రొమేనియన్లు గ్యోచెల్ అంటారు. కాడకు ఒక్కటే పువ్వు, భూమిలో చిన్న దుంప. రక్షిత ప్రాంతాల్లో కోయడం నిషేధం, బయట కూడా గుత్తులు గుత్తులుగా లాగితే దుంప ఊడి వచ్చి ఆ చోట మళ్లీ మొలవదు. దుంప విషపూరితం, ఉల్లిపాయ అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. ఎండ కాసిన రోజు గడ్డిలో రక్తం పీల్చే పిడుదులు కూడా లేచి ఉంటాయి. సాయంత్రం కాళ్లు, మోకాళ్ల వెనక భాగం తడిమి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

తిర్గు జియులో శిల్పి బ్రాంకుషి చెక్కిన 'ముద్దు ద్వారం' కింద ఈ రోజు జంటలు వరస కట్టి ఫొటోలు దిగుతాయి. 1937, 38ల్లో కట్టిన ఆ శిల్ప సముదాయాన్ని 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మౌనపు బల్ల నుంచి మొదలుపెట్టి, ద్వారం మీదుగా, ఊరి రెండో కొసన 29 మీటర్లు దాటిన అనంత స్తంభం దాకా నడవాలి. అది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకం. డ్రాగొబేతెతో దానికి పాత సంబంధం ఏమీ లేదు, ముద్దు బొమ్మ ఉంది కాబట్టి కొత్తగా అంటుకుంది.

ఫిబ్రవరి 25, బుధవారం. క్రయోవా

దారిలో ఒక్క మధ్యాహ్నం చాలు. ఒల్తేనియా మ్యూజియం జానపద విభాగం 1699 నాటి కాసా బనియెయ్‌లో ఉంది. ముందు రోజు విన్న పండగ బట్టలు ఏవో ఇక్కడ దగ్గరగా కనబడతాయి. సాయంత్రం రైలుకు బుకారెస్ట్.

ఫిబ్రవరి 26, 27. బుకారెస్ట్, మర్త్సిషోర్ సంతలు

డ్రాగొబేతెను లేపి నిలబెట్టాల్సి వచ్చింది గానీ మర్త్సిషోర్ ఎప్పుడూ పడుకోలేదు. ఫిబ్రవరి చివరి వారంలో ప్రతి మెట్రో మెట్ల దగ్గరా బల్ల ఉంటుంది. ఎక్కువ భాగం ప్లాస్టిక్ బొమ్మకు నైలాన్ దారం కట్టిన ఫ్యాక్టరీ సరుకు. చేతిపని కావాలంటే రెండు చోట్లకు వెళ్లాలి. పియాత్సా విక్టోరియెయ్ మెట్రో పక్కన రైతు మ్యూజియం, 1996లో యూరప్ ఉత్తమ మ్యూజియం పురస్కారం అందుకున్నది. ఇంకా ఉత్తరాన, అవియాటొరిలోర్ మెట్రోలో దిగి నడిస్తే హెరస్ట్రవ్ చెరువు ఒడ్డున సామాజిక శాస్త్రవేత్త దిమిత్రియె గుస్తి 1936లో తెరిచిన పల్లె మ్యూజియం. నెలాఖరు రోజుల్లో రెండు చోట్లా చేతిపనివాళ్ల సంతలు పెడతారు. మర్నాటికి వాయిదా వేస్తే మంచివి అయిపోతాయి.

కొనేటప్పుడు బొమ్మను కాక దారాన్ని చూడాలి. మర్త్సిషోర్ అంటే అసలు దారమే. ఒకప్పుడు దానికి ఒక వెండి నాణెం గుచ్చేవాళ్లు. నాలుగాకుల క్లోవర్, పొగగొట్టం శుభ్రం చేసేవాడు, నల్ల చుక్కల ఎర్ర లేడీబర్డ్ పురుగు, గుర్రపు నాడా బొమ్మలు తర్వాత వచ్చాయి. దారం ఉన్నిదో నూలుదో అయి ఉండాలి. ఒక కొస తడిచేసి తెల్ల కాగితం మీద నొక్కితే ఎరుపు దిగుతుందో లేదో తెలుస్తుంది. రంగు దిగే దారం మొదటి వానకే గులాబీ రంగు ముద్దవుతుంది.

చేసుకోవడం తేలిక. సంతలో పిల్లలకు నేర్పే పద్ధతి ఇది. 35 సెంటీమీటర్ల ఎర్ర ఉన్ని దారం, అంతే పొడవు తెల్లది తీసుకోవాలి. రెండూ ఒకే లావు ఉండాలి. కొసకు కొస ముడేస్తే మధ్యలో ముడితో 70 సెంటీమీటర్ల ఒకే దారం అవుతుంది. ఒక చివర తలుపు గడియకు కట్టి, రెండో చివర బిగువుగా పట్టుకుని ఒకే దిశలో మెలిపెట్టాలి. ఏ దిశ అన్నది ఉన్నే చెబుతుంది. ఒకవైపు తిప్పితే పోగులు విడిపోతాయి, రెండోవైపు తిప్పితే బిగుస్తాయి. బిగిసే వైపే తిప్పాలి. ఎన్ని చుట్లు అని లెక్కపెట్టక్కర్లేదు. కొంచెం వదులు చేసి చూస్తే దారం దానంతటదే ముడుచుకుని చిన్న ఉచ్చులా లేచిందంటే చాలు. అప్పుడు మధ్య ముడిని వేరే మనిషి వేళ్లతో పట్టుకోవాలి, మనిషి లేకపోతే అక్కడ ఒక తాళం చెవి వేలాడదీయాలి. బిగువు సడలకుండా రెండు చివరలూ కలిపి, ముడి వైపు నుంచి రెండేసి వేళ్ల మేర వదులుతూ రావాలి. ఎరుపు సగం, తెలుపు సగం ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. చివర ముడేస్తే పాతిక సెంటీమీటర్ల దాకా దారం మిగులుతుంది, మణికట్టుకు సరిపోతుంది.

మొదటిసారి చేసేవాళ్లు దాదాపు అందరూ రెండు రంగులనూ పక్కపక్కన పెట్టి కలిపి మెలిపెట్టి, తర్వాత మడుస్తారు. అప్పుడు స్పష్టమైన చారలు రావు, చుక్కలు చుక్కలుగా కలగాపులగం అవుతుంది. మడవక ముందే చెయ్యి సడలితే దారం ఎక్కడికక్కడ చిక్కుపడుతుంది, ఇక విప్పే ప్రయత్నం చేయకుండా మళ్లీ మొదలుపెట్టడమే నయం. ఒకటి లావు, ఒకటి సన్నం అయితే లావుది నిటారుగా నిలబడి సన్నది దాని చుట్టూ తీగలా పాకుతుంది.

కుచ్చులు కావాలంటే మూడు సెంటీమీటర్ల అట్టముక్కకు 15 చుట్లు చుట్టి, పైన దారంతో కట్టి, కింద కత్తిరించి, మెడ దగ్గర నాలుగు చుట్లు బిగించాలి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు.

ఫిబ్రవరి 28, శనివారం. సంత్ తోఆదెర్

ఉపవాసకాలపు మొదటి శనివారం సెయింట్ థియోడర్ రోజు. 2026లో అది సరిగ్గా మర్త్సిషోర్ ముందు రోజు పడింది, 2027లో మార్చి 20కి జరుగుతుంది. పల్లెల్లో ఈ రోజు అమ్మాయిలు ఐవీ తీగ ఆకులూ మూలికల వేర్లూ కాచిన నీళ్లతో తలంటుకునేవాళ్లు. గుర్రాల తోకలంత పొడుగు జడలు ఇమ్మని సాధువును అడిగే పాట ఒకటి ఉంది. పండగ కథల్లో ఆయన గుర్రాలు రాత్రిపూట తిరుగుతుంటాయి, ఆ వేళ వడికే పని పెట్టుకున్న ఆడవాళ్లకు శిక్ష తప్పదంటారు. నగరంలో ఇదేదీ కనబడదు. చర్చిలో మాత్రం కొలివా పంచుతారు: మెత్తగా ఉడికించిన గోధుమల్లో చక్కెర, అక్రోట్లు కలిపిన ప్రసాదం. చనిపోయినవాళ్ల పేర పెట్టేదీ ఇదే కాబట్టి, ఇస్తే రెండు చేతులా అందుకుని నెమ్మదిగా తినాలి. సరదా మిఠాయిలా ఫొటోలు తీస్తే బాగోదు.

మార్చి 1, ఆదివారం. మర్త్సిషోర్

పాత పద్ధతిలో సూర్యోదయానికి ముందే తల్లి పిల్లల మణికట్టుకో మెడకో కట్టేది. వ్రతం రోజు మనం కట్టుకునే తోరంలాగే, ఇది నగ కాదు రక్ష. నాణెం ఉన్న దారమైతే కొన్నాళ్లకు విప్పి, ఆ నాణేనికి ఎర్ర ద్రాక్ష సారా, తాజా జున్ను కొనేవాళ్లు. పిల్ల ముఖం జున్నంత తెల్లగా, బుగ్గలు ద్రాక్షసారా అంత ఎర్రగా ఉండాలని కోరిక. ఇప్పుడు నగరాల్లో ఎడమవైపు ఛాతీ మీద పిన్నుతో పెట్టుకుంటారు.

ఎవరు ఎవరికి ఇవ్వాలన్నది ప్రాంతాన్ని బట్టి తిరగబడుతుంది. బుకారెస్ట్‌లో మగవాళ్లు ఆడవాళ్లకు ఇస్తారు: అమ్మ, భార్య, టీచరు, పక్కింటావిడ, ఆఫీసులో ఉన్న స్త్రీలందరూ. ఒకరికిచ్చి ఒకరిని వదిలితే గుర్తుపెట్టుకుంటారు. ఈశాన్యాన మొల్దోవా ప్రాంతంలోనూ బుకోవీనాలోనూ ఆడవాళ్లు మగవాళ్లకు ఇస్తారు. (ఇక్కడ మొల్దోవా అంటే రొమేనియాలోని ప్రాంతం, అదే పేరున్న పక్క దేశం వేరు.) రొమేనియాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఈసారి 1వ తేదీ ఆదివారం కాబట్టి ఆఫీసుల్లో పంపకం శుక్రవారమో సోమవారమో జరిగిపోతుంది, అందుకే ముందే కొని సంచీలో ఉంచుకోవాలి. ఖరీదైనది ఇవ్వక్కర్లేదు. ఖరీదు పెరిగితే అది వేరే అర్థం ఇస్తుంది.

ఈ మార్చి 1 ఆచారాలను 2017లో బల్గేరియా, ఉత్తర మాసిడోనియా, మొల్దోవా, రొమేనియా కలిసి యునెస్కో జాబితాలో చేర్పించుకున్నాయి. దాన్యూబ్ దాటితే బల్గేరియాలో ఇదే దారానికి పిజో, పెండా అనే మగ, ఆడ బొమ్మలు వేలాడతాయి.

ఎన్నాళ్లు పెట్టుకోవాలంటే: కొన్నిచోట్ల తొమ్మిదో పన్నెండో రోజులు, కొన్నిచోట్ల నెలంతా, కొన్నిచోట్ల మొదటి కొంగనో పిచ్చుకలాంటి స్వాలో పిట్టనో చూసేదాకా, లేదా మొదటి చెట్టు పూసేదాకా. తర్వాత పారేయకూడదు, పళ్లచెట్టు కొమ్మకు కట్టాలి. ఆ చెట్టు కాపు బాగుంటే కట్టినవాళ్ల ఏడాదీ బాగుంటుందట. కట్టేటప్పుడు కొమ్మను బిగించకుండా వేలు పట్టేంత వదులు ఉంచాలి. ఉన్ని ఏడాది రెండేళ్లలో కుళ్లిపోతుంది గానీ నైలాన్ అలాగే ఉండి, కొమ్మ లావెక్కే కొద్దీ బెరడులోకి దిగి కోసేస్తుంది.

మార్చి 2 నుంచి 4. బుష్తెన్, బుచెజి కొండలు

ముసలమ్మల రోజులు మొదలయ్యాయి. 1 నుంచి 9 దాకా ఒక్కొక్కరు ఒక్కో రోజు ఎంచుకుంటారు. ఆ రోజు ఎండ కాస్తే ఏడాది ప్రశాంతం, వానో మంచో పడితే ఆ మనిషి కోపిష్ఠి. ఎంచుకోవడం చేతకాకపోతే పుట్టిన తేదీ అంకెలు కలుపుతారు: 27న పుడితే 2, 7 కలిపి 9. ముందే చెప్పి తీరాలి, వాతావరణ సూచన చూసి ఎంచుకుంటే నవ్వుతారు. ఫోన్లో పది రోజుల సూచన ఉన్న ఈ రోజుల్లో ఈ నియమం ఎంత నిలుస్తుందో చెప్పలేం.

బుకారెస్ట్ నుంచి బ్రషోవ్ వెళ్లే రైల్లో సుమారు రెండు గంటలకు బుష్తెన్. అక్కడి కేబుల్ కారు 2,200 మీటర్ల ఎత్తున బాబెలె విడిది దగ్గర దింపుతుంది. పక్కనే గాలీ మంచూ చెక్కిన పుట్టగొడుగుల్లాంటి రాళ్లున్నాయి. జనం వాటిని డోకియాకూ ఆమె మందకూ ముడిపెడతారు. మరి కాస్త నడిస్తే 'స్ఫింక్స్' రాయి. దూరాన ఈశాన్యంలో చహ్లవు కొండ మీద కూడా డోకియా రాయి ఉంది. అక్కడి కథ వేరే, అందులో రోమన్ చక్రవర్తి ట్రాజన్ ఆమెను వెంటాడతాడు.

మూడు రోజులు కేటాయించడానికి కారణం గాలి. గాలి పెరిగితే కేబుల్ కారు ఆపేస్తారు, మార్చిలో అది మామూలే. పొద్దున మొదటి కారుకే పైకి వెళ్లి, మధ్యాహ్నానికి దిగడం తెలివైన పని. పైన మేఘం కమ్మితే పది అడుగుల దూరంలోని రాయి కూడా కనబడదు. కారు ఆగిపోతే కాలినడకన ఎక్కుదామనుకోవద్దు. బుష్తెన్ నుంచి పైకి వెళ్లే ఝెపి కాలిబాటలు మంచుచరియలు విరిగిపడే భయంతో చలికాలంలో మూసేస్తారు. ఏదైనా జరిగితే 112కు ఫోన్ చేయాలి. పైకి వెళ్లలేని రోజు కాంతాకుజీనో కోట చూసి తృప్తిపడాలి.

మార్చి 5 నుంచి 7. యాష్ దారిలో

బుష్తెన్ నుంచి బుకారెస్ట్, అక్కడి నుంచి ఈశాన్యాన యాష్. బుకారెస్ట్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు, రైల్లో ఆరేడు గంటలు. యాష్‌లో సంస్కృతి భవనంలోని మొల్దోవా జానపద మ్యూజియం ఒక పూట చూడదగ్గది. మిగతా సమయం బజార్లలో తిరగడానికే.

మార్చి 8, ఆదివారం. పూల లెక్క

మహిళా దినోత్సవం జానపద పండగ కాదు గానీ వారం ముందు మొదలైన ఇచ్చిపుచ్చుకోవడానికి ఇది రెండో విడత. హయసింత్, తులిప్, ఫ్రీసియా పూల వాసనతో వీధులు నిండిపోతాయి. ఎవరింటికైనా పూలు పట్టుకెళ్తే బేసి సంఖ్యలోనే తీసుకెళ్లాలి: ఒకటి, మూడు, ఐదు. సరి సంఖ్య చావు ఇంటికి. పూలమ్మే ఆవిడ పన్నెండు ఇవ్వమంటే రెండుసార్లు అడుగుతుంది.

మార్చి 9, సోమవారం. ముచెనిచ్

ఇక ఈ పదిహేను రోజుల్లో కడుపుకు తెలిసే రోజు. సెబాస్టె సరస్సు మంచునీళ్లలో ప్రాణాలు విడిచిన నలభైమంది సైనికుల స్మరణ. పాత పల్లె లెక్కలో వ్యవసాయ సంవత్సరం మొదలయ్యేది కూడా ఇప్పుడే. పెరట్లో చెత్త పోగేసి మంటపెట్టి ఆ పొగ ఇంటి చుట్టూ పట్టిస్తారు. పిల్లలు చెక్క సమ్మెటలతో నేలను కొడుతూ, చలిని లోపలికి పొమ్మనీ వేడిని బయటికి రమ్మనీ పాడతారు. మగవాళ్లు నలభై గ్లాసుల ద్రాక్షసారా తాగాలన్నది మరో ఆచారం. తాగలేనివాళ్లు కనీసం రుచి చూడాలి, లేదా ఒంటి మీద చిలకరించుకోవాలి. ఈ సర్దుబాటు ఎవరు కనిపెట్టారో గానీ చాలామంది ప్రాణాలు కాపాడారు.

పండగ వంటకం పేరు కూడా ముచెనిచ్. పేరు ఒకటే, చేసే తీరు రెండు. దక్షిణాన 8 అంకె ఆకారంలో కోసిన చిన్న పిండి ముక్కలు తీపి నీళ్లలో ఉడుకుతాయి. మొల్దోవాలో అరచేతిని మించిన తీపి రొట్టె ఎనిమిదులు పొయ్యిలో కాలుతాయి. ఏది అసలుదన్న వాదన ప్రతి ఏడూ నడుస్తుంది. చలిగా ఉన్న సాయంత్రం దక్షిణాది గిన్నెదే పైచేయి. ప్రయాణంలో ఉన్నవాళ్లకు మొల్దోవాది.

దక్షిణాది తీరు: 250 గ్రాముల మైదా, 110 నుంచి 120 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు. గట్టిగా కలిపి అరగంట నాననిచ్చి, మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, బజార్లో దొరికే చిన్న ఎనిమిది అచ్చుతో కోయాలి. పిండి చల్లిన గుడ్డ మీద పరిచి నాలుగైదు గంటలు ఆరనివ్వాలి, మధ్యలో ఒకసారి తిప్పాలి. రెండు లీటర్ల నీళ్లు, 200 గ్రాముల చక్కెర, దాల్చిన చెక్క, నిమ్మ తొక్క మరిగించి, ముక్కలకు అంటిన పొడి పిండిని జల్లెడలో దులిపి వేసి, సన్న మంట మీద పావుగంట ఉడికించాలి. దించి మూతపెట్టి అరగంట ఉంచితే ఉబ్బుతాయి. అప్పుడు రమ్ ఎసెన్సు కొంచెం, 150 గ్రాముల దంచిన అక్రోట్లు. చాలామంది తొందరలో ఆరబెట్టడం మానేస్తారు. పచ్చివి నీళ్లలో పడగానే ఒకదానికొకటి అతుక్కుని, పైపొర కరిగి గంజి అవుతుంది. పొడి పిండి దులపకపోయినా అదే గతి. అక్రోట్లు ముందే వేసి ఉడికిస్తే నీళ్లు బూడిద రంగుకు తిరిగి వగరెక్కుతాయి. నిమ్మ తొక్క కింది తెల్ల పొర దిగితే చేదు.

మొల్దోవా తీరు, ఉపవాసకాలానికి తగ్గట్టు పాలూ గుడ్లూ లేకుండా: 500 గ్రాముల మైదా, 280 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు, 7 గ్రాముల పొడి ఈస్ట్, 60 గ్రాముల చక్కెర, 50 మిల్లీలీటర్ల పొద్దుతిరుగుడు నూనె, చెంచా ఉప్పు, నిమ్మ తొక్క తురుము. పది నిమిషాలు బాగా పిసికి గంట పొంగనివ్వాలి. పది ముద్దలు చేసి, ఒక్కోటి 60 సెంటీమీటర్ల తాడులా సాగదీసి, సగానికి మడిచి మెలిపెట్టి, కొసలు కలిపి చక్రం చేసి, ఆ చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పితే ఎనిమిది. అరగంట పొంగాక 180 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు కాల్చాలి. 300 మిల్లీలీటర్ల నీళ్లు, 150 గ్రాముల చక్కెర ఐదు నిమిషాలు మరిగిన పాకం గోరువెచ్చగా ఉన్నప్పుడు వేడి రొట్టెను రెండువైపులా ముంచి తీసి, తేనె రాసి అక్రోట్ల పొడి అద్దాలి. రెండూ సలసల కాగుతుంటే రొట్టె ముద్దైపోతుంది, రెండూ చల్లారితే పాకం పైనే నిలుస్తుంది. ఎనిమిది కన్నాలు చిన్నగా వదిలితే పొంగాక పూడుకుపోయి గుండ్రటి బన్ను మిగులుతుంది. కొసలు అతికేటప్పుడు నీళ్లు రాసి నొక్కకపోతే పొయ్యిలోనే విచ్చుకుంటాయి.

ఇంటికి తెచ్చుకోవాలంటే కాల్చిన రొట్టెలను పాకంలో ముంచకుండా అడిగి తీసుకోవాలి. తేనె రాసినవి సూట్‌కేసులో కారి బట్టలను పట్టుకుంటాయి. దక్షిణాది వాటికైతే దుకాణాల్లో ఎండిన ముక్కల ప్యాకెట్లు దొరుకుతాయి. ఇంట్లో చేసినవాటి కన్నా గట్టివి కాబట్టి ఉడకడానికి 20 నుంచి 25 నిమిషాలు పెట్టాలి. ఎనిమిది అచ్చు కొనేటప్పుడు అంచు వేలితో తడిమి చూడాలి. మొద్దుబారిన ప్లాస్టిక్ అచ్చు పిండిని కోయదు, నొక్కుతుంది. రేకుదే తీసుకోవాలి.